జీను కింద వీపు

మన బడిలో సోషల్ మాస్టారు యుద్ధాల తేదీలన్నీ అప్పజెప్పించేవారు. ఆ యుద్ధాలను మోసిన గుర్రాల వీపుల సంగతి ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. పశువైద్యుడినయ్యాక ఆ చరిత్ర నా ముందుకొచ్చింది.

బ్రిటిష్ సైన్యంలో పశువైద్యుడు ఫ్రెడరిక్ స్మిత్ 1891లో జీన్ల మీదా వీపు పుండ్ల మీదా ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశాడు. తర్వాత వచ్చిన దక్షిణాఫ్రికా యుద్ధంలో (1899-1902) బ్రిటిష్ వారి గుర్రాలు మూడు లక్షలకు పైగా చచ్చిపోయాయి. తూటాలకన్నా ఆకలి, అలుపు, జబ్బులే ఎక్కువ చంపాయి. 1912 నమూనా సైనిక జీనులో పక్క చెక్కలను ఉక్కు కమానులకు కదిలేలా బిగించారు. గుర్రం చిక్కినా బలిసినా అవి వీపు వాలుకు తగ్గట్టు ఒరుగుతాయి.

ఇదంతా చదివిన నేనే తప్పు చేశాను. ఓ రైడింగ్ స్కూలులో శిక్షణ మొదలైన మూడేళ్ల ఆడగుర్రానికి జీను ఎంచింది నేనే. మూపుకీ జీనుకీ నడుమ రెండు వేళ్లు పట్టాయి, చాలనుకున్నాను. ఆరు నెలల్లో దానికి కండ పట్టింది, జీను మాత్రం అదే. పట్టీ బిగించబోతే చెవులు వెనక్కి వాల్చేది. పొగరనుకున్నాం. ఒకరోజు జీను దించితే వీపంతా చెమట, మూపు పక్కన అరచేయంత చోటు పొడిగా ఉంది. ఒత్తిడి అక్కడే. కొన్నాళ్లకు అక్కడ తెల్ల వెంట్రుకలు మొలిచాయి. అవి పాత రంగుకు రాలేదు.

ఇప్పుడు లేత గుర్రాల జీన్లను రెండు నెలలకోసారి దించి చూస్తాను. ముందు మూపు, తర్వాత చెమట మరక.