కియాంటీ: భోజనం కోసం పుట్టిన ఎర్ర వైన్

పులుపు లేనిదే ముద్ద దిగని తెలుగువాళ్లకు ఇటలీ వైన్లలో ఒకటి ఇట్టే నచ్చాలి. అది కియాంటీ. తియ్యగా ఉంటుందనుకుని గుటక వేస్తే మొహం చిట్లించాల్సి వస్తుంది. పక్కన తగిన కూర ఉంటేనే దాని సొగసు తెలుస్తుంది.

ఫ్లోరెన్స్, సియెనా నగరాల మధ్య ఉన్న గుట్టల ప్రాంతం కియాంటీ. అక్కడి వైన్ ప్రస్తావన 1398 నాటి పత్రాల్లోనే ఉంది. అప్పట్లో అది తెల్ల వైన్. 1716లో టస్కనీ పాలకుడు మూడో కోసిమో ఈ వైన్ పండే నేలకు ఎల్లలు నిర్ణయిస్తూ శాసనం చేశాడు. ఆ హద్దుల బయట చేసిన వైన్‌ను ఆ పేరుతో అమ్మకూడదు. ఇవాళ పోచంపల్లి ఇక్కత్‌కూ హైదరాబాద్ హలీంకూ ఉన్న జీఐ గుర్తింపు వెనక ఆలోచన కూడా ఇదే.

ఎర్ర కియాంటీ రుచికి పాళ్లు కుదిర్చినవాడు బెట్టినో రికాసోలీ. బ్రోలియో కోట యజమాని, ఇటలీకి రెండుసార్లు ప్రధాని. 1872లో పీసా విశ్వవిద్యాలయ ఆచార్యుడికి రాసిన ఉత్తరంలో తన పద్ధతి వివరించాడు. పరిమళానికీ పట్టుకీ సాంజోవేజే ద్రాక్ష, దాని కరుకుదనం తగ్గించడానికి కనాయోలో. తెల్ల ద్రాక్ష మాల్వాజియా త్వరగా తాగేసే వైన్‌కే పనికొస్తుందని, నిలవ ఉంచేదాంట్లో దాన్ని తగ్గించాలని అన్నాడు.

తర్వాతివాళ్లు ఆ హెచ్చరికను పట్టించుకోలేదు. 1932లో ఎల్లలు బాగా పెంచారు. 1967 నిబంధనలు కనీసం 10 శాతం తెల్ల ద్రాక్ష కలపాల్సిందేనన్నాయి. గడ్డి అల్లిన బుడ్డి సీసాల్లో పలచటి కియాంటీ దేశదేశాలకూ వెళ్లింది, పరువు పోయింది. ఫ్లోరెన్స్‌కు చెందిన ఆంటినోరి కుటుంబం 1971 పంటతో చేసిన ‘టిన్యానెల్లో’ అనే వైన్‌ను, ఆ నిబంధనలకు కట్టుబడకుండా, కియాంటీ పేరు వదులుకుని మామూలు టేబుల్ వైన్‌గానే అమ్మింది. దానికొచ్చిన గౌరవం చూశాక చట్టమే మారింది. 2006 నుంచి కియాంటీ క్లాసికోలో, అంటే పాత కియాంటీ నేలలో చేసే వైన్‌లో, తెల్ల ద్రాక్ష నిషిద్ధం. కనీసం 80 శాతం సాంజోవేజే ఉండాలి.

గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే చెర్రీ, ఎండిన ఆకుల వాసన వస్తుంది. నోట్లో ముందు పులుపు తగులుతుంది. ఆ వెంటనే నేరేడుపండు తిన్నట్టు నాలుక మీద వగరు పట్టుకుంటుంది. ఆ వగరు ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ వస్తుంది. మాంసంలోని ప్రొటీన్, కొవ్వు దాన్ని మెత్తబరుస్తాయి. అందుకే ఫ్లోరెన్స్‌లో నిప్పుల మీద కాల్చిన బీఫ్ స్టేక్‌తో కియాంటీ తాగుతారు. మన దగ్గర రాతి పలక మీద కాల్చే పత్థర్ కా గోష్త్ కియాంటీకి సరిజోడు. హైదరాబాద్ ఎర్రగడ్డ రైతు బజార్‌లో దొరికే టమాటాలూ గోంగూరా కూడా పనికొస్తాయి. టమాటా పులుపు ముందు పులుపులేని వైన్ చప్పబడిపోతుంది, కియాంటీ నిలబడుతుంది. గోంగూర మాంసం కారం తగ్గించి వండితే చక్కగా కుదురుతుంది. కారం మరీ ఎక్కువైతే వగరూ ఆల్కహాలూ కలిసి మంటను పెంచుతాయి. చేపల పులుసుతో అసలొద్దు. వైన్‌లోని ఇనుము వల్ల నీచు వాసన తేలుతుంది.

హైదరాబాద్‌కు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పేరు తెచ్చింది కానీ అది తినే ద్రాక్ష. సాంజోవేజే తోటలు మనకు దగ్గర్లో చూడాలంటే సోలాపూర్ జిల్లా అక్లూజ్ వెళ్లొచ్చు. అక్కడ ఫ్రాటెల్లీ సంస్థ, టస్కనీకి చెందిన పియెరో మాసీ మార్గదర్శకత్వంలో, ఈ ద్రాక్షతో వైన్ చేస్తోంది.

కొనేటప్పుడు సీసా మెడ మీద నల్ల కోడిపుంజు ముద్ర ఉందో లేదో చూడండి. 1924లో ఏర్పడిన కియాంటీ క్లాసికో ఉత్పత్తిదారుల సంఘం గుర్తు అది. మన ఎండలకు గది వేడిలోనే పోస్తే రుచి చెడుతుంది. ఒక అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి, అన్నంతో పాటు కొద్దికొద్దిగా తాగండి.