మానసిక వైద్యశాలల్లో ప్రాథమిక వైద్యం

తీవ్రమైన మానసిక వ్యాధులతో బాధపడేవారికి మానసిక చికిత్స జరిగే చోటనే రక్తపోటు, మధుమేహం, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు వంటి శారీరక వ్యాధులకు కూడా పరీక్షలు చేసి వైద్యం అందించే ఏర్పాటును మానసిక వైద్యసేవలలో ప్రాథమిక వైద్యాన్ని మేళవించడం అంటారు. సౌలభ్యం కోసం ఈ వ్యాసంలో దీనిని సంయుక్త వైద్యం అని వ్యవహరిద్దాం. తీవ్ర మానసిక వ్యాధులు అన్నప్పుడు ముఖ్యంగా మనోవైకల్యం (స్కిజోఫ్రీనియా), ఉన్మాదము, విషాదము మార్చి మార్చి వచ్చే బైపోలార్ వ్యాధి, దైనందిన జీవితాన్ని స్తంభింపజేసేటంత కుంగుబాటు అని అర్థం.

సాధారణంగా చర్చకు వచ్చేది దీనికి ఎదురు దిశలోని ప్రయత్నం. అనగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యునికి మానసిక వ్యాధులను గుర్తించడం నేర్పడం. కుంగుబాటు, ఆందోళన వంటివి ఉన్నవారు ముందుగా మామూలు వైద్యుని వద్దకే వెళతారు కాబట్టి వారికి ఆ దారి సరిపోతుంది. మనోవైకల్యం ఉన్నవారి సంగతి వేరు. వారిలో చాలామందికి ఏళ్ల తరబడి రాకపోకలు ఉన్న వైద్యాలయం మానసిక వైద్యాలయం ఒక్కటే. కనుక మామూలు వైద్యుడినే అక్కడికి తీసుకురావాలన్నది ఈ పద్ధతికి మూలమైన ఆలోచన.

అవసరం

తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారు అర్ధాయుష్షుతో మరణిస్తే అది ఆత్మహత్యే అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. వీరిలో ఆత్మహత్యలు ఇతరులలో కంటే చాలా ఎక్కువన్నది నిజమే. అయినా మరణాలలో అధిక భాగం శారీరక వ్యాధుల వలననే జరుగుతున్నవి. వాటిలో గుండె, రక్తనాళాల జబ్బులది మొదటి స్థానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం వీరు ఇతరుల కంటే 10 నుండి 20 సంవత్సరాలు ముందుగా చనిపోతున్నారు. అమెరికాలో రాష్ట్రాల మానసిక ఆరోగ్య శాఖాధిపతుల సంఘం 2006లో వెలువరించిన నివేదిక ఈ తేడా సగటున 25 ఏళ్లని చెప్పి సంచలనం కలిగించింది. ఆ సంఖ్య అమెరికాలో ప్రభుత్వ మానసిక వైద్యసేవలు పొందుతున్నవారికి సంబంధించినది. దానిని అన్ని దేశాలకూ వర్తింపజేయడం సరికాదు. తక్కువ అంచనానే తీసుకున్నా పదేళ్ల ఆయుష్షు చిన్న విషయం కాదు.

కారణాలు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఉన్నాయి. పొగతాగడం వీరిలో బాగా ఎక్కువ. పేదరికం, నిరుద్యోగం, వ్యాయామం లేకపోవడం సరేసరి. మరొక కారణం వైద్యుల వైపు నుండి వస్తుంది. రోగి కాగితాలలో మానసిక వ్యాధి పేరు కనబడగానే అతడు చెప్పే ప్రతి బాధా ఆ వ్యాధి లక్షణంగానే తోస్తుంది. ఉదాహరణకు, మనోవైకల్యం ఉన్న వ్యక్తి వచ్చి తన ఛాతీలో ఎవరో కరెంటు పెడుతున్నారని చెప్పినాడనుకుందాం. అది భ్రమ కావచ్చును, గుండెనొప్పిని అతడు వర్ణించే తీరు కూడా కావచ్చును. ఇ.సి.జి. తీయకుండా ఈ రెండింటిలో ఏదో తేల్చడం సాధ్యం కాదు.

మందుల పాత్ర

మనోవైకల్యానికి పనిచేసే మొదటి మందు క్లోర్‌ప్రోమజైన్ 1952లో పారిస్‌లో వాడుకలోకి వచ్చింది. దాని తరం మందుల వలన చేతులు వణకడం, కండరాలు బిగుసుకుపోవడం వంటి ఇబ్బందులు ఉండేవి. తర్వాత వచ్చిన క్లోజపిన్, ఒలాంజపిన్ వంటి మందులలో ఈ బాధ తగ్గింది కాని, ఆకలి పెరగడం, బరువు పెరగడం, రక్తంలో చక్కెర, కొవ్వు పెరగడం అనే కొత్త బాధలు మొదలైనవి. ఒలాంజపిన్‌కు అమెరికాలో 1996లో అనుమతి లభించగా, ఈ తరం మందులన్నిటి మీదా మధుమేహం గురించిన హెచ్చరిక ముద్రించాలని అక్కడి ఆహార, ఔషధ సంస్థ 2003లో కోరింది.

2004లో అమెరికా మధుమేహ సంఘం, మానసిక వైద్యుల సంఘం మరి రెండు సంస్థలతో కలసి ఒక పరీక్షల క్రమాన్ని సూచించినవి. మందు మొదలు పెట్టేముందు బరువు, నడుము కొలత, రక్తపోటు, పరగడుపున చక్కెర, కొవ్వు చూడాలి. బరువును 4, 8, 12 వారాలకు, ఆపైన మూడు నెలలకొకసారి చూడాలి. చక్కెర, రక్తపోటు 12 వారాలకు ఒకసారి, ఆపైన ఏటా చూడాలి. దీనికి కావలసిన సరంజామా ఒక కాటా, ఒక టేపు, రక్తపోటు యంత్రం, మామూలు రక్తపరీక్ష. ఇంతకంటే చౌకైన పని వైద్యంలో అరుదు. అయినప్పటికీ ఇది సక్రమంగా జరగలేదు. చక్కెర చూడడం తన పని కాదని మానసిక వైద్యుడూ, ఆ మందు తాను రాసినది కాదని మామూలు వైద్యుడూ అనుకోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

ఈ సందర్భంలో క్లోజపిన్ చరిత్ర గమనించదగినది. 1975లో ఫిన్లాండ్‌లో ఈ మందు వాడిన కొందరిలో తెల్లరక్తకణాలు పడిపోయి మరణాలు సంభవించినవి. దానితో పలు దేశాలలో దీని వాడకం ఆగిపోయింది. ఇతర మందులకు లొంగని వ్యాధికి ఇది పనిచేస్తుందని రుజువైన తర్వాత 1989లో అమెరికా దీనిని అనుమతించింది. క్రమం తప్పకుండా రక్తకణాలు లెక్కించాలన్నది షరతు. రక్తపరీక్ష లేనిదే మందు లేదు అన్నప్పుడు రోగులూ వచ్చారు, వైద్యులూ పరీక్ష చేశారు. చక్కెరకు, కొవ్వుకు అటువంటి షరతు లేదు. ఒకే సూదితో తీసిన రక్తంలో మూడూ చూడవచ్చును కాబట్టి, క్లోజపిన్ ఇచ్చే రోజు క్లినిక్కు సంయుక్త వైద్యానికి సహజమైన చోటు. ఈ మందు వలన వచ్చే మలబద్ధకం కూడా తేలికగా తీసుకోదగినది కాదు. పేగులు స్తంభించి ప్రాణం పోయే ప్రమాదం ఉన్నది.

చరిత్ర

పాతకాలపు పిచ్చాసుపత్రులలో మంచికో చెడుకో రోగి తిండి, వసతి, వైద్యం అన్నీ ఒకే గోడల మధ్య ఉండేవి. 1955లో అమెరికా రాష్ట్ర ప్రభుత్వాల మానసిక ఆసుపత్రులలో సుమారు 5,58,000 మంది ఉండేవారు. 1963లో అధ్యక్షుడు కెనడీ సంతకం చేసిన చట్టం తర్వాత రోగులను సమాజం మధ్యనే ఉంచి చికిత్స చేసే కేంద్రాలు వెలిసినవి. ఈ మార్పు మానవీయమైనదే. కాని కొత్త కేంద్రాలు మానసిక వైద్యానికే పరిమితమైనవి. శరీరం సంగతి రోగే చూసుకోవాలి, అనగా వేరే వైద్యుని వెతుక్కోవాలి, వేరే చోట వేచి ఉండాలి, తన కథ మళ్లీ మొదటి నుండి చెప్పుకోవాలి. ఆరోగ్యవంతులకే విసుగు పుట్టించే ఈ పని, గొంతుకలు వినిపిస్తున్న మనిషికి ఎంత కష్టమో ఊహించవచ్చును.

పద్ధతులు, ఫలితాలు

అన్నిటికంటే సులువైనది చీటీ రాసి పంపడం. దీనిని సంయుక్త వైద్యం అనడం కష్టం, ఎందుకంటే చీటీ తీసుకున్న రోగి అక్కడికి చేరతాడన్న భరోసా లేదు. తర్వాతి మెట్టు ఒక నర్సును నియమించడం. ఆమె వైద్యునితో సమయం ఖాయం చేసి, అవసరమైతే వెంట వెళ్లి, ఫలితాలు మానసిక వైద్యునికి చేరవేస్తుంది. ఆపై మెట్టు మామూలు వైద్యుడే వారంలో కొన్ని రోజులు మానసిక కేంద్రంలో కూర్చోవడం.

ఈ రంగంలో ఎక్కువగా ఉదహరింపబడేవి బెంజమిన్ డ్రస్ బృందం జరిపిన అధ్యయనాలు. మొదటిది 2001లో ప్రచురితమయినది. అమెరికా మాజీ సైనికుల మానసిక క్లినిక్కులో 120 మందిని చీటీల పద్ధతిన రెండు జట్లుగా విభజించి, ఒక జట్టుకు అక్కడే ప్రాథమిక వైద్యం ఏర్పాటు చేశారు. ఏడాదిలో ఆ జట్టువారు వైద్యుని ఎక్కువగా కలిశారు, నివారణ పరీక్షలు ఎక్కువగా పొందారు, మొత్తం ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2010 నాటి రెండవ అధ్యయనంలో అట్లాంటా నగరంలోని ఒక కేంద్రంలో 407 మంది పాల్గొన్నారు. ఇక్కడ వైద్యుడిని తేలేదు, నర్సులను మాత్రమే నియమించారు. ఏడాది తర్వాత సిఫారసు చేయబడిన నివారణ సేవలలో నర్సు తోడున్నవారికి 58.7 శాతం అందగా, మిగతావారికి 21.8 శాతమే అందినవి.

2017లో 447 మందితో ప్రచురించిన మూడవ అధ్యయనం కొంత నిరాశ కలిగించింది. ఒకే చోట వైద్యం పొందినవారికి చికిత్స నాణ్యత పెరిగింది. రక్తపోటు, కొవ్వు వంటి అసలు కొలతలలో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2009లో అమెరికా ప్రభుత్వం ప్రారంభించిన నిధుల పథకాన్ని పరిశీలించిన ర్యాండ్ సంస్థకు కూడా ఇటువంటి మిశ్రమ ఫలితమే ఎదురయినది. మధుమేహం, రక్తపోటు, కొలెస్టరాల్ కొలతలు కొన్ని మెరుగైనా పొగతాగడం, స్థూలకాయం తగ్గలేదు. వైద్యుడు దగ్గరకు వచ్చినంత మాత్రాన అలవాట్లు మారవు. వాటికి ప్రత్యేక కృషి కావాలి, అది ఫలిస్తుంది కూడా. మేరీల్యాండ్ రాష్ట్రంలో 291 మందితో జరిగి 2013లో ప్రచురితమైన అధ్యయనంలో 18 నెలల పాటు ఆహార, వ్యాయామ శిక్షణ పొందినవారి బరువు మిగతావారితో పోల్చితే సగటున 3.2 కిలోలు తగ్గింది.

పొగాకు

మానసిక వైద్యశాలలలో సిగరెట్టును చాలాకాలం ఒక ఊరటగా, కొన్నిచోట్ల బహుమతిగా కూడా చూశారు. మానేయమని అడగడం క్రూరత్వమని వాదించినవారూ ఉన్నారు. ఇంగ్లాండులో 526 మంది పొగరాయుళ్లతో జరిగి 2019లో ప్రచురితమైన అధ్యయనం ఈ వాదానికి కొంతవరకు సమాధానం చెప్పింది. మానసిక ఆరోగ్య సిబ్బందే ప్రత్యేకంగా సహాయం చేసినపుడు ఆరు నెలలకు 14 శాతం మంది మానగా, మామూలు సేవలు పొందినవారిలో 6 శాతమే మానగలిగారు. ఏడాది గడిచేసరికి ఈ తేడా తగ్గిపోయింది. సహాయం ఆగకూడదన్నది దీనివలన తెలుస్తున్నది.

రెండు వైద్యాలు కలసి నడవవలసిన అవసరం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. పొగలోని తారు కాలేయంలోని ఒక ఎంజైమును ప్రేరేపించి క్లోజపిన్, ఒలాంజపిన్ మందులను త్వరగా కరిగించివేస్తుంది. కనుక పొగతాగేవారికి ఎక్కువ మోతాదు కావాలి. అటువంటి వ్యక్తి ఒక్కసారిగా మానివేస్తే రక్తంలో మందు పెరిగిపోయి మగత, మూర్ఛలు రావచ్చును. ఇది నికోటిన్ ప్రభావం కాదు కాబట్టి నికోటిన్ పట్టీలు అంటించినా ఈ ప్రమాదం తప్పదు. సిగరెట్టు మాన్పించిన వైద్యుడు ఆ విషయం మందు రాసే వైద్యునికి చెప్పకపోతే మంచి పనే చేటు తెస్తుంది.

ఇతర దేశాలలో

ఇంగ్లాండులో దారి కొంత భిన్నమైనది. అక్కడ ప్రతి పౌరునికీ కుటుంబ వైద్యుడు ఉంటాడు కాబట్టి, తీవ్ర మానసిక వ్యాధి ఉన్నవారి జాబితా ఉంచి వారిని పరీక్షించే బాధ్యత 2004 నుండి కుటుంబ వైద్యుల ప్రోత్సాహక పథకంలో భాగమయినది. తాను కూడా కుటుంబ వైద్యురాలైన హెలెన్ లెస్టర్ (మరణం 2013) పేరు మీద ఒక మార్గదర్శక పటం వాడుకలో ఉన్నది. పరీక్ష చేసి ఊరుకోకండి, చికిత్స మొదలుపెట్టండి అన్నది దాని సారాంశం. సంఖ్యలు నింపి ఫైలు మూసివేయడం ఈ పథకాలన్నిటికీ పట్టే జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమై 2018లో మార్గదర్శకాలు వెలువరించింది.

అమెరికాలో డబ్బు చెల్లింపు పెద్ద చిక్కు. కొన్ని రాష్ట్రాల నిబంధనల ప్రకారం ఒకే రోజు ఒకే చోట రెండు రకాల సేవలకు బిల్లు వేయడం కుదరదు. రోగి సౌకర్యం కోసం ఒకే రోజు రెండూ చేస్తే కేంద్రానికి నష్టం. 2010 నాటి ఆరోగ్య చట్టం ఇటువంటి కేంద్రాలకు నెలకింతని చెల్లించే వీలు కల్పించగా, మిస్సోరి రాష్ట్రం అందరికంటే ముందు దానిని వినియోగించుకున్నది.

భారతదేశం

1982 నాటి జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మానసిక వైద్యాన్ని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు చేర్చడం లక్ష్యంగా పెట్టుకున్నది. అందులో భాగంగా 1996-97లో జిల్లా కార్యక్రమం మొదలైన తొలి జిల్లాలలో నాటి ఆంధ్రప్రదేశ్‌లోని మెదక్ (ప్రస్తుతం తెలంగాణ) ఒకటి. దేశంలో మానసిక వైద్యుల కొరత దృష్ట్యా ఆ దిశ ఎంచుకోవడం సమంజసమే. అయితే ఎదురు దిశలోని పని మీద అంతటి శ్రద్ధ కనబడదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 21వ సెక్షను ప్రకారం ఆరోగ్య సేవలన్నిటిలోనూ మానసిక వ్యాధి ఉన్నవారిని శారీరక వ్యాధి ఉన్నవారితో సమానంగా చూడాలి.

మనకు ఒక అనుకూలత ఉన్నది. ఇక్కడ రోగులు ఎక్కువగా కుటుంబంతోనే ఉంటారు. ఆసుపత్రికి తల్లో, అన్నో, చెల్లెలో వెంట వస్తారు. బరువు, చక్కెర సంగతి వారికి చెబితే ఇంట్లో వంట దగ్గర నుండి మార్పు మొదలవుతుంది. జిల్లా ఆసుపత్రులలో మానసిక వైద్య విభాగమూ, 2010లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద మధుమేహం, రక్తపోటు చూసే ఎన్.సి.డి. క్లినిక్కూ చాలాచోట్ల ఒకే ఆవరణలో ఉంటాయి. మానసిక విభాగానికి వచ్చిన రోగిని అదే రోజు, అదే చీటీ మీద రెండవ గదికి కూడా పంపి, రెండు గదులలోని వైద్యులూ ఒకే పుస్తకంలో రాస్తే కొత్త భవనం గాని, కొత్త పథకం గాని అవసరం ఉండదు.