కచ్చతీవు తిరునాళ్ల

పాక్ జలసంధిలో రామేశ్వరానికీ శ్రీలంకకు చెందిన నెడుంతీవుకూ నడుమ 285 ఎకరాల తుప్పల దిబ్బ కచ్చతీవు. అక్కడ ఊరు లేదు, తాగే నీరూ లేదు. ఏటా ఫిబ్రవరిలోనో మార్చిలోనో రెండు రోజులు మాత్రం ఇరు తీరాల నుంచీ వేలాదిమంది ఆ ఇసుక మీద దిగుతారు. అక్కడి పునీత అంతోని గుడి తిరునాళ్ల కోసం వస్తారు వాళ్లంతా.

అంతోని లిస్బన్‌లో పుట్టి, 1231లో ఇటలీలోని పాదువా దగ్గర కన్నుమూసిన ఫ్రాన్సిస్కన్ సన్యాసి. పోగొట్టుకున్నవి దొరికించే పునీతుడని కతోలికుల నమ్మకం. వలలూ పడవలూ సముద్రానికి ఒప్పజెప్పి బతికేవాళ్లకు అటువంటి దేవుడి మనిషి దగ్గరవాడు కావడంలో వింత లేదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడలతో వచ్చిన కతోలిక మతం తమిళనాడు ముత్యాల తీరంలోని పరవ మత్స్యకారుల్లోనూ, మన్నారు దీవి బెస్తల్లోనూ వేరూనింది. కచ్చతీవు గుడి మాత్రం అంత పాతది కాదు. 20వ శతాబ్దం తొలినాళ్లలో శ్రీనివాస పడయాచి అనే కలిగిన మత్స్యకారుడు, భారత తీరంవాడే, కట్టించాడని చెబుతారు. గుడి భారతీయుడు కట్టించిందే అయినా పూజాధికారం యాఴ్పాణం (జాఫ్నా) మేత్రాసనానిది. దీవి ఎవరిదన్న తగువుకు ఈ ఒక్క సంగతిలోనే రెండు పక్షాలకూ సాక్ష్యం దొరుకుతుంది.

అంతోని పండుగ పంచాంగం ప్రకారం జూన్ 13. ఇక్కడ తిరునాళ్ల మాత్రం ఈస్టరుకు ముందరి తపస్సు కాలంలో జరుగుతుంది. జూన్ నాటికి నైరుతి గాలులు లేచి ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిల్లో పాక్ జలసంధి నెమ్మదిగా ఉంటుంది. చిన్న పడవల్లో పిల్లాపాపలతో వెళ్లేవాళ్లకు ఈ కాలమే అనువు. తొలిరోజు సాయంత్రం జెండా ఎత్తుతారు. సిలువ మార్గం, జపమాల, ఆపైన పునీతుడి ప్రతిమతో తేరు. ఆ రాత్రి అందరూ దీవిలోనే పడుకుంటారు. మర్నాడు పొద్దున దివ్యబలిపూజ, జెండా దించడం, తిరుగు ప్రయాణం. చాలామందికి ఇది బంధువుల్ని చూసుకునే వేళ కూడా. ఒకే తమిళం మాట్లాడే మత్స్యకార కుటుంబాలు ఆ నీళ్లకు రెండు పక్కలా ఉన్నాయి మరి.

ఆ నీళ్లలో గీత గీసే ప్రయత్నం 1921లోనే జరిగింది. మద్రాసు, సిలోన్ ప్రభుత్వాల ప్రతినిధులు చేపల వేట హద్దు గురించి చర్చించారు. దీవి రామనాథపురం జమీందారీదన్న వాదం అప్పటికే ఉంది. తేలింది మాత్రం 1974 జూన్‌లో. ఇందిరా గాంధీ, సిరిమావో బండారనాయకే సంతకాలు చేసిన ఒప్పందం సరిహద్దును దీవికి పడమరగా గీసి, దాన్ని శ్రీలంకకు వదిలింది. ఐదో అధికరణంలో ఓ వెసులుబాటు పెట్టారు: భారత మత్స్యకారులూ యాత్రికులూ ఎప్పటిలాగే దీవికి రావచ్చు, వీసా గానీ ప్రయాణ పత్రాలు గానీ అక్కర్లేదు. ఆరో అధికరణం ఒకరి జలాల్లో మరొకరి పడవలకు సంప్రదాయంగా ఉన్న హక్కులు కొనసాగుతాయంది. రెండేళ్లు తిరక్కుండానే, 1976 మార్చిలో ఇరు ప్రభుత్వాలు మార్చుకున్న ఉత్తరాలు శ్రీలంక జలాల్లో భారతీయులు చేపలు పట్టరాదని తేల్చేశాయి. మొక్కు మిగిలింది, వేట పోయింది. ప్రభుత్వాలకు ఖర్చులేని హక్కు కాబట్టే మొదటిది మిగిలిందని నా అనుమానం.

1983లో శ్రీలంకలో అంతర్యుద్ధం మొదలయ్యాక తిరునాళ్లకు బ్రేకు పడింది. 2009లో యుద్ధం ముగిశాక, 2010 నుంచి జనం మళ్లీ పెద్ద ఎత్తున వచ్చారు. 2016 డిసెంబరులో పాత గుడి పక్కనే కొత్త గుడి లేచింది. కట్టింది శ్రీలంక నౌకాదళం. తిరునాళ్లలో నీళ్లూ వసతీ చూసేదీ ఆ దళమే. హద్దు దాటిన పడవల్ని మిగతా రోజుల్లో పట్టుకునేదీ ఆ దళమే. ఒప్పందం పత్రాలేవీ వద్దన్నా, ఇప్పుడు రామేశ్వరంలో పేర్లు నమోదు చేయించుకోనిదే పడవ కదలదు.

ఈ చేపల వేట తగువును ఢిల్లీ, కొలంబోల మధ్యదిగా మాత్రమే చూడటం పొరపాటు. భారత తీరపు ట్రాలర్లు సముద్రపు అడుగును ఊడ్చేస్తుంటే నష్టపోయేది అవతలి చిన్న పడవలవాళ్లు, అంటే తిరునాళ్లలో పక్కన కూర్చుని జపమాల తిప్పేవాళ్లే. శ్రీలంక 2017లో అడుగు ట్రాలింగును చట్టంతో నిషేధించింది. 2024 ఫిబ్రవరిలో, అరెస్టయిన పడవ నడిపేవాళ్లకు అక్కడి కోర్టు జైలుశిక్ష వేయడంతో, నిరసనగా రామేశ్వరం మత్స్యకారులు తిరునాళ్లను బహిష్కరించారు. మరుసటి ఏడాది మార్చిలో పడవలు మళ్లీ కదిలాయి. అరెస్టులు మాత్రం ఆగలేదు.