యాక్టివ్ లౌడ్‌స్పీకరు

యాక్టివ్ లౌడ్‌స్పీకరు అనగా తనను నడిపే యాంప్లిఫయర్లను తన పెట్టెలోనే ఇముడ్చుకున్న లౌడ్‌స్పీకరు. దీనికి విడిగా యాంప్లిఫయరు అవసరం లేదు. మిక్సరు నుండి గాని, కంప్యూటరు నుండి గాని వచ్చే బలహీనమైన సంకేతాన్నీ, గోడకున్న ప్లగ్గు నుండి విద్యుత్తునూ అందిస్తే చాలు. రికార్డింగు స్టూడియోలలోను, సభావేదికల పైన వీటి వాడకం ఎక్కువ. నేడు తయారవుతున్న యాక్టివ్ స్పీకర్లలో చాలా వాటిలో డి తరగతి యాంప్లిఫయర్లే ఉంటాయి.

యాంప్లిఫయరు లోపల ఉన్న ప్రతి స్పీకరునూ యాక్టివ్ అని పిలవడం వాడుకలో ఉంది గాని, అది సరి కాదు. ఒకే యాంప్లిఫయరుతో అన్ని శబ్దజనకాలనూ నడిపితే అది పవర్డ్ స్పీకరు మాత్రమే. వూఫరుకు ఒకటి, ట్వీటరుకు ఒకటి చొప్పున వేరువేరు యాంప్లిఫయర్లు ఉన్నదే నిజమైన యాక్టివ్ స్పీకరు.

సంకేత విభజన

మంద్ర ధ్వనులకు పెద్ద వూఫరు, తార ధ్వనులకు చిన్న ట్వీటరు కావాలి. సంకేతాన్ని ఈ రెంటికీ పంచిపెట్టే వలయాన్ని క్రాస్ఓవర్ అంటారు. సాధారణ స్పీకరులో ఇది యాంప్లిఫయరు తరువాత వస్తుంది. అందువలన అందులోని తీగచుట్టలు, కెపాసిటర్లు పూర్తి సామర్థ్యాన్ని భరించవలసి ఉంటుంది. కొంత శక్తి తీగచుట్టల నిరోధంలోనే వృథా అవుతుంది. పైగా, ఎక్కువసేపు మోగినపుడు వూఫరు చుట్ట వేడెక్కి దాని నిరోధం పెరుగుతుంది. దానితో విభజన కూడా అనుకున్న చోటు నుండి కొంత జరుగుతుంది.

యాక్టివ్ స్పీకరులో సంకేతం బలహీనంగా ఉన్న దశలోనే విభజన జరుగుతుంది. ఇక్కడ చిన్న విడిభాగాలు సరిపోతాయి, కచ్చితత్వం కూడా ఎక్కువ. 1976లో సీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్, రస్ రైలీ అనే ఇంజనీర్లు రూపొందించిన లింక్‌విట్జ్-రైలీ క్రాస్ఓవర్ ఇందుకు విస్తారంగా వాడబడుతున్నది.

డి తరగతి యాంప్లిఫయరు

ఏబీ తరగతి యాంప్లిఫయరులో ట్రాన్సిస్టరు, సగం తిప్పిన కుళాయి వలె, పాక్షికంగా తెరుచుకుని పనిచేస్తుంది. దానిపై వోల్టేజి నిలిచి ఉండగానే దాని గుండా విద్యుత్తు ప్రవహిస్తుంది కనుక ఆ రెంటి లబ్ధం వేడిగా మారుతుంది. డి తరగతిలో ట్రాన్సిస్టరు పూర్తిగా తెరుచుకుని గాని, పూర్తిగా మూసుకుని గాని ఉంటుంది. తెరుచుకున్నపుడు దానిపై వోల్టేజి దాదాపు శూన్యం. మూసుకున్నపుడు ప్రవాహం శూన్యం. కనుక వేడి స్వల్పం.

ఇందులో ధ్వని సంకేతాన్ని సెకనుకు కొన్ని లక్షల ఆవృత్తులు గల త్రిభుజాకార తరంగంతో పోలుస్తారు. సంకేతం హెచ్చుగా ఉన్నచోట వెడల్పైన స్పందనాలు, తగ్గినచోట సన్ననివి ఏర్పడతాయి. చివరన ఉండే తీగచుట్ట, కెపాసిటరు ఈ స్పందనాల సగటును మిగిల్చి, వేగవంతమైన హెచ్చుతగ్గులను అణచివేస్తాయి. ఆ సగటే మనం వినే ధ్వని. డి అంటే డిజిటల్ అన్న అపోహ ఒకటి బాగా ప్రచారంలో ఉంది. నిజానికి ఏ, బీ, సీ తరువాతి అక్షరం డి, అంతే.

దక్షత 90 శాతం ఉన్న యాంప్లిఫయరు 100 వాట్లు అందించేటపుడు సుమారు 11 వాట్లు వేడిగా మారుతుంది. దక్షత 60 శాతమైతే ఆ వేడి 67 వాట్లు. మూసి ఉన్న చెక్కపెట్టె వెనుక పలకకు బిగించే యాంప్లిఫయరు విషయంలో ఈ తేడాయే నిర్ణాయకం. బరువైన లోహపు రెక్కలు తగ్గి, ఒక మనిషి ఎత్తగలిగే పెట్టెలు సాధ్యమయ్యాయి.

చరిత్ర

ఈ పద్ధతిని 1950లలో బ్రిటిష్ శాస్త్రవేత్త అలెక్ రీవ్స్ ప్రతిపాదించాడు. 1964లో క్లైవ్ సింక్లెయిర్ ఎక్స్-10 అనే కిట్టును అమ్మాడు గాని, ఆనాటి ట్రాన్సిస్టర్లకు అంత వేగం లేక అది రాణించలేదు. వేగవంతమైన మాస్ఫెట్లు వచ్చిన తరువాతనే ఈ పద్ధతి నిలదొక్కుకున్నది. యాక్టివ్ స్పీకరు మాత్రం దీని కోసం వేచి ఉండలేదు. ఫిన్లాండులోని జెనెలెక్ సంస్థ 1978లోనే ఆ దేశపు ప్రసార సంస్థ కోసం ఎస్-30 అనే మూడు యాంప్లిఫయర్ల స్పీకరును తయారుచేసింది. అందులో వాడినది డి తరగతి కాదు.

నియంత్రణలు

వెనుక పలకపై ఉండే మీటలలో తరచు నిర్లక్ష్యానికి గురయ్యేది మంద్ర ధ్వనిని తగ్గించే మీట. స్పీకరు గోడకు దగ్గరగా ఉంటే, పరావర్తనం చెందిన తరంగాలు కూడి మంద్ర ధ్వని 6 డెసిబెల్స్ వరకు పెరగవచ్చు. మూలన పెడితే ఇంకా ఎక్కువ. గాయకుని గొంతు మసకబారిందని ట్వీటరును పెంచేవారు ముందుగా ఈ మీటను చూడడం మంచిది. సబ్‌వూఫరు జతగా ఉన్నపుడు సుమారు 80 హెర్ట్జ్‌కు దిగువ ధ్వనులను కోసివేసే ఏర్పాటు కూడా ఉంటుంది.

పెద్ద ఆవరణలలో ఆలస్యపు నియంత్రణ ముఖ్యం. ధ్వని వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. వేదికకు 34 మీటర్ల దూరాన మరొక స్పీకరు ఉంటే, దాని సంకేతాన్ని 0.1 సెకను ఆలస్యం చేయాలి. లేనిచో వెనుక వరుసలవారికి ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. కొత్త నమూనాలలో ఈ అమరికలన్నిటినీ డిజిటల్ ప్రాసెసరు చూసుకుంటుంది. డాంటే వంటి వ్యవస్థలలో ఒకే నెట్‌వర్క్ కేబులు ద్వారా సంకేతాన్ని, అమరికలను కూడా పంపవచ్చు.

వాట్ల అంకెలు

కొన్ని పెట్టెలపై వేల సంఖ్యలో ముద్రించే పీ.ఎం.పీ.ఓ. వాట్లకు ఏ ప్రామాణిక నిర్వచనమూ లేదు. వాటిని లెక్కలోనికి తీసుకోనక్కరలేదు. నిజమైన వాట్లు రెట్టింపైనా ధ్వనిమట్టం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. ఆరుబయట దూరం రెట్టింపైతే 6 డెసిబెల్స్ తగ్గుతుంది.

ఇబ్బందులు

ప్రతి పెట్టెకూ సంకేతపు తీగతో పాటు విద్యుత్ తీగ కూడా లాగాలి. వేరువేరు ప్లగ్గుల నుండి విద్యుత్తు తీసుకున్నపుడు ఎర్తు తీగల మధ్య ప్రవాహం ఏర్పడి హమ్ వినిపించవచ్చు. దీనిని వదిలించడానికి కొందరు ప్లగ్గులోని ఎర్తు పిన్నును తొలగిస్తారు. ఇది ప్రాణాంతకం: లోపల ఇన్సులేషను చెడితే లోహపు భాగాలన్నిటికీ, తీగ వెంట మైకుకు కూడా, విద్యుత్తు పాకవచ్చు. బ్యాలెన్స్‌డ్ కేబుళ్ళు వాడడం, అన్ని పరికరాలకూ ఒకే చోటు నుండి విద్యుత్తు ఇవ్వడం సరైన మార్గాలు.

యాంప్లిఫయరు చెడిపోతే స్పీకరు మొత్తం పనికి దూరమవుతుంది. ఎత్తున వేలాడదీసిన పెట్టె అయితే మరమ్మతుకు ముందు దానిని కిందికి దించాలి. అందుకే ఎత్తైన సభామందిరాలలో శాశ్వతంగా బిగించే చోట్ల యాంప్లిఫయర్లను వేరే గదిలో ఉంచే పాత పద్ధతినే చాలామంది నేటికీ ఎంచుకుంటారు.