నల్లపొగ.. ఎవరి ముఖాన?

తాండూరు: నాపరాళ్ల లోడుతో లారీ ఎత్తు ఎక్కుతుంటే వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారు ముక్కుకు రుమాలు అడ్డుపెట్టుకోవడం తాండూరు రహదారులపై నిత్యం కనిపించే దృశ్యమే. ఒకప్పుడు వికారాబాద్ జంక్షన్‌లో గూడ్సు బండి కదిలేటప్పుడు ఇంజను నెత్తిన లేచే నల్లని మేఘమూ ఈ ప్రాంత వాసులకు సుపరిచితమే. రెండింటికీ మూలం డీజిలే. కాకపోతే రైలింజను తన పొగను ఆకాశంలోకి వదిలేది. లారీ మాత్రం మనిషి ఊపిరి పీల్చే ఎత్తులోనే వదులుతుంది. ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది.

డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. సిలిండరులోని గాలిని గట్టిగా అదిమితే అది విపరీతంగా వేడెక్కుతుంది. అందులోకి ఇంధనాన్ని చిమ్మితే తనంతట తానే మండుతుంది. గాలి చాలినంత ఉంటే పొగ దాదాపు కనిపించదు. గాలి తగ్గి ఇంధనం ఎక్కువైతే పూర్తిగా మండని కర్బనం మసిగా మారి నల్లగా బయటపడుతుంది. నీలిరంగు పొగ వస్తే ఇంజను ఆయిల్ మండుతోందని అర్థం. ఇంజను వేడెక్కిన తర్వాత కూడా తెల్లపొగ ఆగకుంటే మండని ఇంధనమో, సిలిండరులోకి చేరిన నీరో కారణమై ఉంటుంది. అనుభవజ్ఞులైన మెకానిక్కులు బానెట్ ఎత్తక ముందే గొట్టం వంక చూసేది ఇందుకే.

ఆల్కో కాలం

దశాబ్దాల పాటు దక్షిణ మధ్య రైల్వేలో బండ్లను లాగిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు అమెరికాలోని ఆల్కో సంస్థ నమూనాకు చెందినవి. 1962లో తొలుత దిగుమతి చేసుకోగా, 1964 జనవరిలో వారణాసి కర్మాగారం నుంచి స్వదేశంలో తయారైన తొలి ఇంజను వెలువడింది. 16 సిలిండర్లు, 2,600 అశ్వశక్తి. బయటకు పోయే పొగతోనే ఒక చక్రాన్ని తిప్పి, దాని బలంతో ఇంజనులోకి అదనపు గాలిని నెట్టే టర్బో యంత్రం వీటికి ఆయువుపట్టు. డ్రైవరు నాచ్ పెంచిన వెంటనే ఇంధనం పెరుగుతుంది. టర్బో వేగం అందుకోవడానికి మాత్రం కొంత సమయం పడుతుంది. ఆ కొద్ది క్షణాల గాలి కొరతే స్టేషనులో బండి కదిలేటప్పుడు కనిపించిన నల్లని స్తంభం. 1999లో దేశానికి వచ్చిన డబ్ల్యూడీజీ-4 తరహా ఇంజన్లలో తక్కువ వేగంలో టర్బోను పళ్లచక్రాల ద్వారా ఇంజనే తిప్పుతుంది. అందుకే వాటిలో ఈ బెడద తగ్గింది.

ఆల్కో ఇంజను గంటల తరబడి ఖాళీగా నడిస్తే ఆయిల్ పొగగొట్టంలో పేరుకునేది. ఆపై ఒక్కసారిగా బరువు పడితే అది అంటుకుని గొట్టం నుంచి మంటలు లేచిన సందర్భాలూ ఉండేవి. చూసినవారికి ఇంజను తగలబడుతోందనే అనిపించేది. సికింద్రాబాద్-వాడి మార్గం విద్యుదీకరణతో వికారాబాద్, తాండూరు స్టేషన్లలో ఈ పొగ అరుదైపోయింది. క్షయ రోగులకు ఆస్పత్రి కట్టేంతటి మంచి గాలి అని పేరున్న అనంతగిరి కొండల పక్కన ఇది చిన్న మేలు కాదు.

గొట్టం ఎటు ఉండాలి?

రహదారిపై సంగతి ఇంకా తేలలేదు. కందిచేలలో తిరిగే ట్రాక్టరుకు గొట్టం బానెట్ మీద నిలువుగా ఉంటుంది. నిప్పురవ్వ ఎండుచొప్పపై పడకుండా, దుమ్ము రేగకుండా ఈ ఏర్పాటు. వాన నీరు దిగకుండా రైతులు దానిపై ఖాళీ డబ్బా బోర్లిస్తుంటారు. లారీలు, పికప్ వాహనాల విషయంలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 112వ నిబంధన స్పష్టంగా ఉంది. పొగ కిందికి గానీ, ఎడమ వైపునకు గానీ రాకూడదు. ఎడమ వైపే కదా పాదచారులు నడిచేది, ప్రయాణికులు బస్సు ఎక్కేది! అమెరికాలో కొందరు పికప్ యజమానులు సరదాకు నిలువు గొట్టాలు బిగించి కావాలనే నల్లపొగ చిమ్ముతుంటే, న్యూజెర్సీ 2015లో, కొలరాడో 2017లో దానిని నిషేధించాయి. ఇక్కడ ఆ వినోదం లేదు గానీ ఫలితం మాత్రం అదే.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలైన బీఎస్-6 ప్రమాణాలతో డీజిల్‌లో గంధకం 10 పీపీఎంకు తగ్గింది. బీఎస్-3 కాలంలో అది 350. కొత్త వాహనాల గొట్టంలో మసిని పట్టి ఉంచే వడపోత పరికరం చేరింది. భారీ లారీల్లో యూరియా ద్రావణం చిమ్మి నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే ఏర్పాటూ వచ్చింది. వడపోతలో నిండిన మసిని అప్పుడప్పుడు సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చివేయాలి. ఇందుకు వాహనం కొంతసేపు ఆగకుండా, తగిన వేగంతో నడవాలి. గని నుంచి పాలిషింగ్ యూనిట్‌కు, అక్కడి నుంచి మళ్లీ గనికి ఆగుతూ సాగుతూ తిరిగే బండికి ఆ అవకాశం తక్కువ. హెచ్చరిక దీపం వెలుగుతుంది, లాగుడు తగ్గుతుంది. బాడుగ పోతుందన్న తొందరలో కొందరు వడపోతనే కోయించి ఖాళీ గొట్టం వేయిస్తున్నారు. దీనికి బదులు అప్పుడప్పుడు హైవేపై కొంతసేపు ఆగకుండా, తగిన వేగంతో నడిపితే మసి చాలావరకు కాలిపోతుంది. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ఇప్పటికే రాతి దుమ్ము పీల్చుతున్న కార్మికులకు ఈ మసి అదనపు భారం.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం కాలుష్య పరిమితి ఉల్లంఘనకు రూ.10 వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు విధించవచ్చు. కాలుష్య ధ్రువీకరణ పత్రం జేబులో ఉన్నంత మాత్రాన వడపోత ఉన్నట్టు కాదు. పాత బండి కొనేవారు ఇంజను చల్లారాక గొట్టం లోపల వేలు పెట్టి చూసుకోవచ్చు. వడపోత సరిగా ఉన్న బీఎస్-6 వాహనంలో వేలికి మసి దాదాపు అంటదు. దట్టంగా నల్లబడితే అది పగిలిందనో, తీసేశారనో అనుమానించి సర్వీసు కేంద్రంలో తనిఖీ చేయించుకోవాలి.