అప్రూవర్ సాక్ష్యం: శిక్ష తగ్గింపు బేరంలోని నైతికత

నేరంలో పాలుపంచుకున్న వ్యక్తి తోటి నిందితుల మీద కోర్టులో సాక్ష్యం చెప్పడానికి ఒప్పుకుని, అందుకు బదులుగా క్షమాపణో శిక్ష తగ్గింపో పొందడాన్ని మన దేశంలో అప్రూవర్‌గా మారడం అంటారు. అమెరికాలో ఇదే పని ప్రాసిక్యూషన్‌తో రాతపూర్వక ఒప్పందంగా జరుగుతుంది. నిందితుడు నేరం ఒప్పుకుంటాడు, తెలిసినదంతా చెబుతాడు, ప్రాసిక్యూటర్ శిక్ష తగ్గించమని జడ్జిని కోరతాడు. ముఠాలు, కుట్రలు, లంచాల కేసుల్లో బయటి సాక్షులు ఉండరు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టించగలిగేది ఆ ఇంట్లోని మరో దొంగే. ఈ అవసరం ఎవరూ కాదనలేనిది. వివాదమంతా దాని ధర గురించే: ఆ ధర ఎవరికి దక్కుతోంది, దాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారు, కొన్న మాట నిజమేనని ఎలా తెలుస్తుంది?

హెడ్లీ, రాణా

ఈ ప్రశ్నలన్నీ ఒకేచోట కనిపించే కేసు డేవిడ్ కోల్‌మన్ హెడ్లీది. 2008 నవంబరు 26న మొదలై 166 మందిని బలిగొన్న ముంబయి దాడులకు ముందు, లష్కరే తోయిబా తరఫున పలుమార్లు ఆ నగరానికి వచ్చి, తాజ్‌మహల్ హోటల్ సహా దాడి జరగాల్సిన చోట్లను వీడియో తీసి ఇచ్చినవాడు అతడే. 2009 అక్టోబరులో షికాగోలో అరెస్టయ్యాడు. 2010 మార్చిలో 12 అభియోగాలనూ ఒప్పుకున్నాడు. బదులుగా అమెరికా ప్రభుత్వం రెండు హామీలిచ్చింది: మరణశిక్ష అడగదు, భారత్‌కు, పాకిస్తాన్‌కు, డెన్మార్క్‌కు అప్పగించదు.

హెడ్లీకి బేరం కొత్త కాదు. హెరాయిన్ రవాణా కేసుల్లో రెండుసార్లు పట్టుబడి, రెండుసార్లూ అమెరికా మాదకద్రవ్య నిరోధక సంస్థకు సహకరించి తక్కువ శిక్షతో బయటపడ్డవాడు. పట్టుబడితే ఏం చెయ్యాలో అతడికి అనుభవం మీద తెలుసు.

2011లో అతడు సాక్ష్యం చెప్పింది తన బడి నాటి స్నేహితుడు తహవ్వుర్ రాణా మీద. షికాగోలో వలస సేవల వ్యాపారం నడిపే రాణా, ముంబయిలో ఆ సంస్థ కార్యాలయం పేరుతో హెడ్లీకి ముసుగు కల్పించాడన్నది ఆరోపణ. జ్యూరీ రాణాను డెన్మార్క్‌లోని ఒక పత్రికపై దాడి కుట్రలోనూ, లష్కర్‌కు సాయపడిన అభియోగంలోనూ దోషి అంది; ముంబయి దాడుల అభియోగంలో నిర్దోషి అంది. 2013 జనవరిలో ఒకే వారం తేడాతో రాణాకు 14 ఏళ్లు, హెడ్లీకి 35 ఏళ్లు శిక్ష పడింది. సంఖ్యలు చూస్తే న్యాయంగానే కనిపిస్తుంది. కానీ 2025 ఏప్రిల్‌లో భారత్‌కు వచ్చి ముంబయి దాడుల కేసును ఎదుర్కొంటున్నవాడు రాణా. దాడి చోట్లను చూసి వెళ్లినవాడు ఒప్పందం చాటున అమెరికా జైలులోనే ఉన్నాడు.

2015 డిసెంబరులో ముంబయి కోర్టు కూడా హెడ్లీకి క్షమాపణ ఇచ్చి అతణ్ణి అప్రూవర్‌గా తీసుకుంది. 2016 ఫిబ్రవరిలో అతడు వీడియో ద్వారా వాంగ్మూలమిచ్చాడు. లష్కర్ పనితీరు గురించీ, పాక్ గూఢచార సంస్థ అధికారుల గురించీ అతడు చెప్పిన వివరాలకు విలువ ఉంది. అయితే అప్పగించడం ఎలాగూ కుదరని మనిషికి ఇచ్చిన ఆ క్షమాపణలో భారత్ వదులుకున్నదీ పెద్దగా లేదు, అతడు పోగొట్టుకునేదీ లేదు.

తూకం తిరగబడటం

హెడ్లీ కేసు ఒక సాధారణ లోపాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. ఎక్కువ తెలిసినవాడి దగ్గరే అమ్మడానికి ఎక్కువ సరుకు ఉంటుంది, ఎక్కువ తెలిసేది ఎక్కువ చేసినవాడికే. కింది మనిషికి తెలిసింది తక్కువ కాబట్టి బేరమాడే శక్తీ తక్కువే. న్యూయార్క్ మాఫియాలో సామీ గ్రవానో 19 హత్యల్లో తన పాత్ర ఒప్పుకుని అయిదేళ్ల శిక్షతో సరిపెట్టుకున్నాడు; అతడి సాక్ష్యంతో 1992లో ముఠా నాయకుడు జాన్ గాటీకి యావజ్జీవం పడింది.

మన చరిత్రలో ఇంతకన్నా బాధ కలిగించే ఉదాహరణ గాంధీ హత్య కేసు. పుణెకు చెందిన ఆయుధాల వ్యాపారి దిగంబర్ బడ్గే అప్రూవర్‌గా మారి క్షమాపణ పొందాడు. అతడు తీసుకెళ్లమంటే ఆయుధాలు మోసుకెళ్లిన పనివాడు శంకర్ కిష్టయ్యకు 1949 ఫిబ్రవరి 10న ఎర్రకోట ప్రత్యేక కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. యజమాని సాక్షి, పనివాడు ముద్దాయి. యజమాని మాట విని నడిచినవాడన్న కారణంతో అప్పీలులో పంజాబ్ హైకోర్టు కిష్టయ్యను విడుదల చేయకపోతే ఆ తప్పు అలాగే నిలిచిపోయేది.

ప్రత్యేక కోర్టు ఇచ్చిన అదే తీర్పు ఈ పద్ధతిలోని మంచి వైపునూ చూపింది. జడ్జి ఆత్మాచరణ్ బడ్గేను నమ్మదగిన సాక్షి అన్నారు. అయినా మరో నిందితుడు సావర్కర్ విషయంలో బడ్గే చెప్పినదాన్ని బలపరిచే స్వతంత్ర ఆధారం లేదు కాబట్టి, ఆ మాట ఒక్కదాని మీద శిక్ష వేయడం క్షేమం కాదని ఆయన్ను విడిచిపెట్టారు. ఆ నిర్ణయం మీద చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. అప్రూవర్ మాటను కొలిచే పద్ధతిగా మాత్రం అది సరైనదే.

కొన్న మాట నిజమా

మంచినీళ్లు తాగినంత తేలికగా అబద్ధం చెప్పే సాక్షి కన్నా ప్రమాదకారి సగం నిజం చెప్పే అప్రూవర్. నేరం ఎలా జరిగిందో అతడికి తెలుసు. ఆ నిజమైన కథలోకి ఒక అమాయకుడి పేరు చేర్చినా అది అతుకు కనిపించకుండా కలిసిపోతుంది. ఇటలీలో ఒకే దశాబ్దంలో ఈ పద్ధతి రెండు ముఖాలూ చూపింది. 1984లో నోరు విప్పిన తొమ్మాసో బుషెత్తా సాక్ష్యమే ఆధారంగా జడ్జి జొవాన్ని ఫాల్కోనే బృందం సిసిలీ మాఫియాను పాలెర్మోలో బోనెక్కించింది. 1987లో మూడు వందలకు పైగా నిందితులకు శిక్షలు పడ్డాయి. 1983లో అరెస్టయిన టీవీ వ్యాఖ్యాత ఎంజో తోర్తోరాను మాత్రం నేపుల్స్ ముఠా మనుషుల కట్టుకథలు పదేళ్ల శిక్ష దాకా లాక్కెళ్లాయి. 1986లో అప్పీలు కోర్టు ఆయన్ను నిర్దోషిగా తేల్చింది. 1988లో ఆయన చనిపోయారు. రెండు కేసులకూ తేడా సాక్షుల నిజాయితీలో ఉందనుకోవడం పొరపాటు. ఫాల్కోనే బుషెత్తా మాటను బ్యాంకు లెక్కలతో, ఇతర ఆధారాలతో సరిపోల్చుకున్నాడు. తోర్తోరా కేసులో ముఠా మనుషుల మాటలు ఒకదాన్నొకటి బలపరుస్తున్నాయని సరిపెట్టుకున్నారు.

సాక్షికి డబ్బిస్తే లంచం, స్వేచ్ఛ ఇస్తే కాదా? 1998లో సింగిల్టన్ కేసులో అమెరికా పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ధర్మాసనం సూటిగా ఇదే అడిగింది. శిక్ష తగ్గిస్తామని ఆశ చూపి సాక్ష్యం తీసుకోవడం సాక్షులకు లంచమివ్వడాన్ని నిషేధించే చట్టం కిందికే వస్తుందని తేల్చింది. ప్రాసిక్యూటర్లు గగ్గోలు పెట్టారు. 1999 జనవరిలో అదే కోర్టు పూర్తి ధర్మాసనంగా కూర్చుని, ఆ చట్టం ప్రభుత్వానికి వర్తించదంటూ తీర్పును కొట్టివేసింది. చట్టం సంగతి అలా తేలింది కానీ, మొదటి ధర్మాసనం అడిగినదానికి నైతికంగా జవాబు రాలేదు. అక్కడ మిగిలిన రక్షణ 1972 నాటి గిగ్లియో తీర్పు: సాక్షికి ఏం ఆశ చూపారో ప్రాసిక్యూషన్ ముద్దాయికి చెప్పి తీరాలి.

భారతీయ చట్టం

1830లలో బ్రిటిష్ అధికారి విలియం స్లీమన్ థగ్గులను థగ్గుల సాక్ష్యంతోనే వేటాడి ఈ పద్ధతిని ఇక్కడ స్థిరపరిచాడు. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ 1839లో రాసిన థగ్గు నవలలో కథ చెప్పేదీ ఒక అప్రూవరే. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఈ పేరుకు ద్రోహి అన్న అర్థం అంటుకుంది. అలీపూర్ బాంబు కేసు అప్రూవర్ నరేంద్రనాథ్ గోస్వామిని 1908లో తోటి ఖైదీలే జైల్లో కాల్చి చంపారు. భగత్‌సింగ్ మీద సాక్ష్యం చెప్పిన ఫణీంద్రనాథ్ ఘోష్‌ను 1932లో బేతియాలో చంపారు.

నేటి నియమాలు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 343 నుంచి 345 వరకు సెక్షన్లలో ఉన్నాయి. 2024 జులై 1కి ముందు ఇవి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 306 నుంచి 308 వరకు ఉండేవి. సెషన్స్ కోర్టు మాత్రమే విచారించాల్సిన నేరాలకు, ఏడేళ్లు ఆపైన శిక్ష పడే నేరాలకు ఇవి వర్తిస్తాయి. 2006లో వచ్చిన ప్లీ బార్గెయినింగ్ వేరు. అది చిన్న నేరాలకు పరిమితం, దానికి ఇతరుల మీద సాక్ష్యంతో సంబంధం లేదు. అమెరికా పద్ధతితో పోలిస్తే ఇక్కడ క్షమాపణ ఇచ్చేది కోర్టు. మేజిస్ట్రేటు కారణాలు రాయాలి, నిందితుడు అడిగితే ఆ నకలు ఇవ్వాలి. అప్రూవర్ అప్పటికే బెయిలు మీద లేకపోతే విచారణ ముగిసేదాకా జైల్లోనే ఉండాలి. పూర్తి నిజం చెప్పలేదని పబ్లిక్ ప్రాసిక్యూటర్ ధ్రువీకరిస్తే అసలు నేరానికే అతణ్ణి విచారించవచ్చు.

చిక్కంతా ఈ చివరి నిబంధనలోనే ఉంది. దర్యాప్తులో ఒకసారి ఒక పేరు చెప్పినవాడు, కోర్టులో మనసు మార్చుకుని ఆ పేరు అబద్ధమంటే మెడకు ఉరి బిగుసుకోవచ్చు. చట్టం నిజం చెప్పమంటుంది. భయం మాత్రం మొదటి మాటకు కట్టుబడమంటుంది.

1957లో సర్వన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు జంట పరీక్ష పెట్టింది: అప్రూవర్ ముందు నమ్మదగిన సాక్షి కావాలి, ఆపైన అతడి మాటకు స్వతంత్ర ఆధారం కావాలి. ఈ పరీక్ష తీర్పు రోజున ముద్దాయిని కాపాడుతుంది. అప్పటిదాకా అతడు జైల్లో గడిపిన కాలాన్ని తిరిగివ్వదు.

తెలుగువారికి ఈ మాట ఈమధ్య బాగా తెలిసివచ్చింది. 2019 నాటి వై.ఎస్. వివేకానందరెడ్డి హత్య కేసులో ఒక నిందితుడు అప్రూవర్‌గా మారడాన్ని తోటి నిందితులు సవాలు చేశారు. ఢిల్లీ మద్యం విధానం కేసులో 2024 ఆగస్టు 27న కల్వకుంట్ల కవితకు బెయిలిచ్చిన సందర్భంగా, నేరంలో తన పాత్ర తానే ఒప్పుకున్నవాణ్ణి సాక్షిగా మార్చుకుని, ముద్దాయిలను నచ్చినట్టు ఏరుకోవడం ఏం న్యాయమని సుప్రీంకోర్టు దర్యాప్తు సంస్థలను నిలదీసింది.

క్షమాపణ ఉత్తర్వు రికార్డులో ఉంటుంది. దానికి ముందు గదిలో జరిగినది ఉండదు: బెయిలు పిటిషన్‌ను ఎందుకు వ్యతిరేకించలేదు, వాంగ్మూలం ఎన్నిసార్లు మారింది, ఎవరి పేరు ఎప్పుడు చేరింది. నైతికంగా ఈ బేరాన్ని భరించగలిగేది అవన్నీ రాతలో ఉండి, ముద్దాయి చేతికి ముందే అందినప్పుడే. అలాంటి నియమాన్ని పార్లమెంటు ఇంకా చేయలేదు, కానీ మరోచోట ఒక మాట మార్చింది. 1872 నాటి సాక్ష్య చట్టం, బలపరిచే ఆధారం లేకున్నా సహనేరస్తుడి మాట మీద వేసిన శిక్ష అంతమాత్రాన చట్టవిరుద్ధం కాదనేది. దాని స్థానంలో 2024లో అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 138వ సెక్షన్ ఆధారం ఉన్న మాటనే ప్రస్తావిస్తుంది.