దినసరి ధారావాహికల్లో నాయిక: కథ నిడివి – పాత్ర ఓర్పు

తెలుగునాట స్త్రీని కేంద్రంగా చేసుకున్న ధారావాహిక రచన బుల్లితెరతో మొదలైనది కాదు. 1960, 70 దశకాల్లో యద్దనపూడి సులోచనారాణి, ముప్పాళ్ళ రంగనాయకమ్మ, మాదిరెడ్డి సులోచన మొదలైన రచయిత్రుల నవలలు వార, మాసపత్రికల్లో విస్తృతంగా వెలువడ్డాయి. తరువాయి భాగం కోసం ఎదురుచూసే అలవాటును పాఠకులకు నేర్పినవి అవే. దూరదర్శన్, ఆపై ప్రైవేటు ఛానళ్లు ఆ అలవాటును వారసత్వంగా అందుకున్నాయి. అయితే పత్రిక నుంచి తెరకు వచ్చేసరికి నాయిక స్వభావం మారింది. ఈ మార్పునకు రచయితల అభిప్రాయాల కంటే ప్రక్రియ నిర్మాణమే ప్రధాన కారణమని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశ్యం.

యద్దనపూడి 'సెక్రటరీ' నవలలోని జయంతి ఉద్యోగం చేసుకుని బతికే యువతి. ఆమె ఆత్మాభిమానమే కథకు చోదకశక్తి. ఆమె అంగీకరించినా, నిరాకరించినా కథ ఒక అడుగు ముందుకు పడుతుంది. అపార్థాలు అక్కడా ఉన్నాయి. కాని పత్రికలో ఎన్ని నెలలు నడిచినా నవలకు చివరి పుట ఒకటుంటుంది. ఆ పుటను దృష్టిలో పెట్టుకునే రచయిత్రి పాత్రను పెంచుతుంది. కాబట్టి నాయిక నిర్ణయం తీసుకోవడం నవలకు అవసరం.

హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. దూరదర్శన్ ధారావాహికలకు సాధారణంగా 13 భాగాల లెక్కన అనుమతి లభించేది. ఈ పరిమితి వల్ల తొలినాళ్ల కథలు నవలకు దగ్గరగా ఉండేవి. 1995లో జెమిని, ఈటీవీ ఛానళ్లు వచ్చాక దినసరి ధారావాహిక స్థిరపడింది. 'ఋతురాగాలు'తో దూరదర్శన్ ప్రేక్షకులకు దగ్గరైన మంజులా నాయుడు, జెమినిలో 'చక్రవాకం' (2003–2008), 'మొగలిరేకులు' (2008–2013) రూపొందించారు. 2008లో ఈటీవీలో మొదలైన 'అభిషేకం' 2022 వరకు సాగింది. ఈ నిడివిని ఏ పత్రికా నవలా ఎరుగదు.

ఇంత నిడివిలో రచన స్వభావమే మారుతుంది. కథ ఒకరిది, కథనం ఇంకొకరిది, మాటలు మరొకరివి కావడం ఇక్కడ సర్వసాధారణం. ముగింపు ఎప్పుడన్నది వారం వారం వెలువడే రేటింగులను బట్టి తేలుతుంది. అంటే ముగింపు తెలియకుండానే రచయిత పాత్రను నడపాలి. నాయిక ఒక స్పష్టమైన నిర్ణయం తీసుకుంటే చిక్కుముడి విడిపోతుంది. విడిపోతే కథ ఆగిపోతుంది. కథ ఆగకూడదంటే నాయిక సహించాలి. ఈ విధంగా ఓర్పు ఒక నైతిక గుణంగా కనిపిస్తూనే నిర్మాణ సాధనంగా పనిచేస్తుంది.

స్టార్ మాలో 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి వరకు ప్రసారమైన 'కార్తీకదీపం' ఇందుకు ప్రబల నిదర్శనం. ఇది మలయాళ ధారావాహిక 'కరుత్తముత్తు'కు పునర్నిర్మాణం. రెండింటిలోనూ నాయిక ప్రేమి విశ్వనాథ్. మేనిఛాయ నలుపన్న చిన్నచూపును ఎదుర్కొన్న దీప, భర్త అనుమానం వల్ల ఇల్లు విడిచి, వంట చేసి బిడ్డను పెంచుతుంది. 'వంటలక్క' అన్న పేరు ఇంటింటి మాటైంది. స్వయంకృషి దృష్ట్యా ఆమె జయంతికి చెల్లెలే. కాని ఆమె సంపాదన ఎంత పెరిగినా కథలోని ప్రధాన ప్రశ్న కదలదు. ఆ ప్రశ్న ఆమె శీలానికి సంబంధించినది. భర్త స్వయంగా వైద్యుడు. వైద్యపరీక్షతో తేలగల విషయాన్ని ఏళ్ల తరబడి తేలనీయకపోవడమే కథనంలోని కీలకం.

ఈ సందర్భంలో శకుంతలోపాఖ్యానం స్మరణీయం. నన్నయ భారతంలో దుష్యంతుడు నిజం తెలిసే నిరాకరిస్తాడు. శకుంతల నిండుసభలో సత్యం గొప్పతనాన్ని చెప్పి వాదిస్తుంది. కాళిదాసు నాటకంలో దుర్వాసుని శాపం, ఉంగరం ప్రవేశించడంతో రాజు నిర్దోషి అవుతాడు. 'కార్తీకదీపం' రెండో మార్గాన్ని అనుసరించింది. తనకు పితృత్వయోగ్యత లేదని నాయకుడు నమ్మేలా చేసిన మోనిత పాత్ర ఇక్కడ శాపస్థానంలో ఉంది. దోషమంతా ప్రతినాయికపై పడటంతో భర్త అనుమానం క్షమార్హమవుతుంది. పునస్సమాగమానికి దారి మిగులుతుంది. స్త్రీ పడిన కష్టానికి మరో స్త్రీనే కారణంగా చూపే ఈ పద్ధతి దినసరి ధారావాహికల్లో బలంగా పాతుకుపోయింది. 2022లో తరం మార్పు పేరుతో దీప, కార్తీక్ మరణించినట్లు చూపి, కొన్ని నెలలకే వారిని తిరిగి తీసుకురావలసి వచ్చింది. నాయికకు మరణంతో కూడా కథ నుంచి విముక్తి లభించలేదన్నమాట.

బెంగాలీ 'శ్రీమొయీ'కి పునర్నిర్మాణమైన 'ఇంటింటి గృహలక్ష్మి' (2020–2024) కొంత భిన్నమైనది. ఎదిగిన పిల్లల తల్లియైన తులసిని నాయికగా నిలపడం, వివాహేతర సంబంధం నెరపిన భర్త నుంచి ఆమెకు విడాకులు ఇప్పించడం సాహసమే. ఇక్కడ అపరాధి శాపగ్రస్తుడు కాడు, తెలిసి తప్పు చేసినవాడు. ఆ మేరకు ఇది నన్నయ మార్గానికి చేరువ. అయితే విడాకుల తరువాత కూడా అత్తింటి బాధ్యతలు తులసి భుజాల మీదే ఉంటాయి. చట్టం తెంచిన బంధాన్ని కథనం తెంచలేకపోయింది.

శ్రమ చిత్రణలోనూ ఈ పరిమితి కనిపిస్తుంది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో గద్వాల, అయిజ, వడ్డేపల్లి ప్రాంతాలు సీడ్ పత్తి సాగుకు ప్రసిద్ధి. పువ్వు పువ్వుకూ చేత్తో పరాగసంపర్కం చేసే ఆ పనిలో అధికభాగం స్త్రీలది. ధారావాహికలోని పెళ్లిపందిట్లో గద్వాల చీరకు చోటుంది. నడిగడ్డ స్త్రీ మాటకూ, కూలి లెక్కకూ లేదు. నాయిక వంటలక్క అయినప్పుడు కూడా శ్రమ ఆమె సహనానికి సాక్ష్యంగానే మిగిలింది. ధర, కూలి, అప్పు వంటి విషయాలు కథాసమస్యలు కాలేదు. అవి కథలోకి వస్తే నాయిక ఎవరితోనో బేరమాడాలి, ఎక్కడో ఒకచోట తేల్చుకోవాలి. తేల్చుకునే నాయికను దినసరి నిర్మాణం ఎక్కువకాలం భరించలేదు.

కాబట్టి ఈ నాయికలను బలహీనులని కొట్టివేయడం గాని, త్యాగమూర్తులని కీర్తించడం గాని సరైన విమర్శ కాదు. దీపలో ఆత్మాభిమానం ఉంది, తులసిలో వివేకం ఉంది. లేనిది ముగింపు మీద అధికారం. నవలానాయికకు రచయిత్రి ఇచ్చిన ఆ అధికారం దినసరి ధారావాహికలో ప్రసార సమయానికి దత్తమైంది. బుల్లితెర స్త్రీపాత్రలపై జరిగే పరిశోధన పాత్ర గుణగణాలతో ఆగక, నాయిక నిర్ణయం తీసుకోగల సందర్భాలు కథనంలో ఎక్కడ వాయిదా పడుతున్నాయో భాగాలవారీగా గుర్తించవలసి ఉంది. స్త్రీ మాటను నమ్మడానికి పట్టే కాలమే ఈ ధారావాహికల అసలు నిడివి అని అప్పుడు తెలుస్తుంది.